మిగిలిన గోలీలు

బస్తర్‌లో బైలదిల్లా కొండల కింద ఉన్న గని టౌన్‌షిప్‌లో పదకొండేళ్లు సైన్సు టీచరుగా పనిచేశాను. మా ఆయన క్రషింగ్ ప్లాంటులో మెకానిక్. విజయనగరం దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన కొత్తలోనే ఆయన వెంట అక్కడికి వెళ్లాను. గని మంచి ఊపు మీదున్న రోజులవి. ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్లు పగలూ రాత్రీ విశాఖపట్నం వైపు పోతూ ఉండేవి. బడిలో పాఠం హిందీలో చెప్పేదాన్ని, టీచరమ్మను అక్కడ 'బెహన్‌జీ' అంటారు. పిల్లలు ఇళ్లలో తెలుగో, హల్బీయో, గోండీయో, ఒడియాయో మాట్లాడుకునేవారు. ఒకే బెంచీ మీద నాలుగు భాషలు కూర్చునేవన్నమాట.

ఆ ఊళ్లో అన్నిటి మీదా ఎర్రదుమ్మే. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటిక రంగుకు తిరిగేది. అందుకని అక్కడి పిల్లల దృష్టిలో శుభ్రం అంటే ఒకటే: ఎరుపు పోవడం. చేతులు నీళ్లలో ముంచి, ఎరుపు వదిలితే కడిగేసినట్టే. అన్నానికి ముందూ అంతే, దొడ్డికి వెళ్లొచ్చాకా అంతే.

ఒక ఏడు వానలు వెనకబట్టే వేళకు నా ఏడో తరగతిలో సగం మంది బడికి రావడం మానేశారు. కొందరికి విరేచనాలు, కొందరికి సెగగడ్డలు. హాజరు పిలుస్తుంటే గది ఖాళీగా మోగింది. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "పాఠ్యపుస్తకంలో సూక్ష్మజీవుల పాఠం ఎక్కడో చివర్లో ఉందట కదా, దాన్ని ముందుకు తెచ్చి చెప్పండి" అన్నారు. సరేనన్నాను. చెప్పాను కూడా. బోర్డు మీద గుండ్రంగా, పొడుగ్గా, మెలికలుగా మూడు రకాల బొమ్మలు వేశాను. పిల్లలు శ్రద్ధగా దింపుకున్నారు. గంట కొట్టగానే ఎప్పటిలాగే చేతులు ముంచి తీసి అన్నం డబ్బాలు తెరిచారు.

అదే తరగతిలో ఆ ఏడే చేరిన ఒక అమ్మాయి ఉండేది. తెలుగు నేల సరిహద్దున ఉన్న కుంట వైపు, గొల్లపల్లి దగ్గరి పల్లె వాళ్లది. పొలం పనులు దొరక్క తల్లీ తండ్రీ కాంట్రాక్టరు కింద కూలికి వచ్చి, లోడింగ్ యార్డు పక్క క్యాంపులో గుడిసె వేసుకున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. హిందీ ఆమెకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఎంత కడిగినా ఆమె గోళ్ల చుట్టూ, అరచేతి గీతల్లో ఎరుపు మిగిలే ఉండేది. కంపెనీ క్వార్టర్ల పిల్లలు ఆమె పక్కన కూర్చునేవారు కాదు. ఆమె తాకిన గ్లాసుతో నీళ్లు తాగేవారు కాదు. నేను వాళ్లను మందలించిన మాట నిజమే. కానీ ఆ మందలింపుకు ముందే, ఎవరూ చెప్పకుండానే, నేనే ఆ అమ్మాయిని రెండుసార్లు కుళాయి దగ్గరికి పంపాను, చేతులు మళ్లీ కడుక్కు రమ్మని.

బొమ్మలతో పని జరగదని తెలిశాక గని ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె మాటల్లో కొంచెం దురుసు ఉండేది గానీ మనసు పెట్టి వినేది. "కనపడని దాన్ని నమ్మమంటే పిల్లలెందుకు నమ్ముతారు? కనపడేలా చెయ్యండి" అంది. మూతలున్న గాజు సీసాలు అయిదు ఇచ్చింది. ఉడకబెట్టిన బంగాళాదుంప ముక్కల మీద క్రిములు ఎలా పెరుగుతాయో, సీసాలను ఎలా మరిగించాలో, చివర్లో మూతలు తీయకుండా ఎలా పారేయాలో అన్నీ చెప్పింది.

మర్నాడు దుంపలూ సీసాలూ ఇంటి కుక్కర్లో ఉడికించి బడికి తీసుకెళ్లాను. ఒక ముక్కను ఎవరూ తాకకూడదు. ఒకదాన్ని నీళ్లతో మాత్రమే కడిగిన చేయి, ఒకదాన్ని సబ్బుతో కడిగిన చేయి, ఒకదాన్ని చూడ్డానికి శుభ్రంగా ఉండి కడగని చేయి తాకాలి. ఆ చివరిదానికి నా చేయే ఇస్తానన్నాను. అయిదోది ఎర్రదుమ్ము చేయి. ఆ మాట అనగానే తరగతి మొత్తం వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని చూసింది. ఆమె తల వంచుకుంది. నాకు నాలుక కరుచుకోవాలనిపించింది.

కాసేపయ్యాక ఆమే లేచింది. హిందీలో మొదలుపెట్టి, మాట దొరక్క తెలుగులోకి వచ్చింది.

"బెహన్‌జీ, ఎర్రమట్టిని పెనం మీద వేయించుకొస్త. సబ్బుతోని చేతులు కడుక్కొని, ఆ వేయించిన మట్టి పూసుకొని ముట్టుకుంట. అప్పుడు తెలుస్తది గదా?"

"ఏం తెలుస్తుంది?"

"రోగం ఎరుపుల ఉన్నదా, వేరే దాంట్ల ఉన్నదా అని."

నేను బీయస్సీ చదివాను. ఒక్కటే మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి చూసే ఆ పద్ధతిని పరీక్షల కోసం బట్టీ పట్టి రాశాను. అయినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. తట్టాల్సిన అవసరం నాకు లేకపోయింది మరి, నా పక్కన కూర్చోవడానికి ఎవరూ వెనకాడలేదు కదా.

మర్నాడు ఆమె మట్టిని వేయించి, మూత పెట్టి తెచ్చింది. అనుకున్నట్టే అయిదు సీసాలూ సిద్ధం చేశాం. వరసగా గూట్లో పెట్టి తాళం వేశాను. నాలుగో రోజున తీశాం. ఎవరూ తాకని ముక్క పెట్టినట్టే ఉంది. సబ్బు చేతి ముక్క మీద ఒకే ఒక్క చిన్న చుక్క. నీళ్ల చేతి దాని మీద పసుపుపచ్చ మచ్చలు. వేయించిన ఎర్రమట్టి ముక్క మీద ఎర్రటి వేలిముద్రలు తప్ప దాదాపు ఏమీ లేదు. ఇక నా ముక్క. తెల్లగా, జిగటగా, పొరలు పొరలుగా, మూత ఉన్నా చూడ్డానికే వికారంగా ఉంది.

ముందు బెంచీ పిల్ల ఒకతె "బెహన్‌జీ చెయ్యే అందరికంటే మురికి!" అని అరిచింది. గది గదంతా పగలబడి నవ్వింది. నాక్కూడా నవ్వాగలేదు. చెవులు వేడెక్కుతున్నా నవ్వాను. ఆ నవ్వులో ఆ అమ్మాయి నవ్వు మొదటిసారి విన్నాను. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచే ముందు పిల్లలు సబ్బు ముక్క కోసం కుళాయి దగ్గర తోపులాడుకున్నారు. వారం తిరగకుండా ఆమె పక్కన ఇద్దరు కూర్చున్నారు. నేను చెప్పి కూర్చోబెట్టలేదు.

ఆ సంగతి విని డాక్టరమ్మ తనే బడికి వచ్చింది. సెగగడ్డలకూ విరేచనాలకూ పిల్లలు ఇళ్లలో ఏ మందు వాడుతున్నారో కనుక్కోవాలంది. "రెండు రంగుల గోలీ!" అని పిల్లలంతా ఒకేసారి అన్నారు. ఎరుపూ పసుపూ కలిసిన క్యాప్సూలు. జ్వరానికీ అదే, జలుబుకీ అదే, నడుం నొప్పికీ అదే. వారపు సంతలో మందులమ్మేవాడి దగ్గర విడిగా ఒకటో రెండో కొంటారు. ఒక పిల్లాడైతే, వాళ్ల నాయనమ్మ ఆ గోలీని విప్పి లోపలి పొడి పుండు మీద చల్లుతుందని చెప్పాడు.

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. తర్వాత పిల్లలందర్నీ మైదానంలోకి తీసుకెళ్లి ఆట ఆడించింది. ఇరవై మంది క్రిములు. ఒకడు మందు. మందు రోజుకోసారి గీత లోపలికి వచ్చి, మెల్లగా పరిగెత్తేవాళ్లను తాకి బయటికి పంపాలి. రెండో రోజుకే పదిహేను మంది పోయారు. మిగిలినవాళ్లు గట్టి పరుగువాళ్లు. "ఇక జ్వరం తగ్గింది, మందు ఆపేశాం" అని ఆమె అరిచింది. మందు పక్కకు తప్పుకుంది. మిగిలిన అయిదుగురూ తమలాంటి పరుగువాళ్లనే పక్క తరగతి నుంచి తలా ముగ్గుర్ని పిలుచుకొచ్చారు. మళ్లీ మందు గీత లోపలికి వచ్చింది. ఈసారి ఎవరూ చిక్కలేదు. మందు అయినవాడు రొప్పుతూ కూలబడి, "వీళ్లు నాకు దొరకరు!" అన్నాడు.

"అదీ సంగతి" అంది డాక్టరమ్మ. "జలుబుకి ఈ మందు పనే చెయ్యదు. పనిచేసే జబ్బుకి డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులూ వేసుకోవాలి. ఒకరికిచ్చింది ఇంకొకరు మింగకూడదు. మిగుల్చుకుని దాచకూడదు."

తరగతికి తిరిగొచ్చాక ఆ అమ్మాయి నన్ను అడిగింది, అమాయకంగానే.

"మీ ఇంట్ల మిగిలినయ్ లెవ్వా బెహన్‌జీ?"

"లేవు" అన్నాను.

ఇంటికెళ్లి బీరువా పైనున్న బిస్కెట్ల డబ్బా దించాను. మా ఆయన పన్ను నొప్పికి తెచ్చిన వాటిలో నాలుగు, నా దగ్గుకి తెచ్చినవి మూడు, ఎవరికి తెచ్చామో గుర్తులేనివి ఇంకొన్ని. డబ్బా ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, "ఏటలా కూకుండిపోయావు?" అన్నారు. పిల్లకి అబద్ధం చెప్పానన్నాను. ఆయన డబ్బాలోకి చూసి, "పట్టుకెళ్లి చూపించేయ్, అయిపోద్ది" అన్నారు.

మర్నాడు డబ్బా తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. నిన్న లేవన్నాననీ, ఉన్నాయనీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాటిని డాక్టరమ్మకు అప్పజెప్పడానికి నాతోపాటు నలుగురు పిల్లలు ఆసుపత్రి దాకా వచ్చారు. ఆ వారంలో పిల్లలు ఒకరొకరుగా ఇళ్ల నుంచి పొట్లాలు తెచ్చారు. కాగితంలో చుట్టినవీ, అగ్గిపెట్టెలో దాచినవీ, చెమ్మకు అతుక్కుపోయినవీ. వాటిని తాకాక చేతులు కడుక్కోవాలని వాళ్లే ఒకరికొకరు చెప్పుకున్నారు.

తర్వాత కొన్నాళ్లకు ఆ అమ్మాయి తండ్రి కాలి మీద యార్డులో రాయి పడింది. పిక్క చీరుకుపోయింది. ఆసుపత్రిలో కుట్లు వేసి, ఏడు రోజులకు గోలీలు ఇచ్చి పంపారు. అయిదో రోజు పొద్దున అమ్మాయి బడి గేటు దగ్గరే నన్ను ఆపింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మా అమ్మ మందు ఆపేసింది. మొన్నటి సంది ఏస్తలేదు. నేను చెప్తే కొట్టింది. మీరు వస్తరా?"

బడి వదిలాక ఆమెతో క్యాంపుకు వెళ్లాను. గుడిసె ముందు మంచం మీద తండ్రి కాలు చాపుకుని ఉన్నాడు. తల్లి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, చెంగుతో పీట తుడిచి వేసింది.

"ఏంది టీచరమ్మా, ఇంత దూరం వస్తిరి?"

మందు సంగతి అడిగాను. ఆమె ఏమీ దాచలేదు.

"మూణ్ణాళ్లకే వాపు దిగె. నొప్పి లేదన్నడు. ఇంకెందుకని మిగిలినయ్ దాచిన. చిన్నోనికి జలుబు చేసింది, రేపటి సంది వానికి ఏద్దామని. పక్కింటామె ఒళ్లు నొప్పులంటే నిన్న రెండిచ్చిన. మంచి మందు గదా, పారేస్తమా?"

నేను మొదలుపెట్టాను. క్రిముల గురించి, వాటిలో బలమైనవి మిగలడం గురించి, అవి పెరిగి మందుకు లొంగకపోవడం గురించి. ఆమె మర్యాదగా విన్నది. తల ఊపింది. ఆ తల ఊపడం నాకు తెలుసు. పాఠం అర్థంకాని పిల్లలు ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఊపే తీరు అది. నా మాటలు నాకే పుస్తకంలోవిగా వినిపించాయి. ఆగాను.

అప్పుడు అమ్మాయి తండ్రి మంచం పక్కన గొంతుక్కూర్చుంది.

"అయ్యా, మన చేన్ల తుంగ పీకినప్పుడు నువ్వేమంటవు?"

"ఏమంట?"

"పైపైన పీకితే తిడ్తవు గదా."

"తిట్టనా మరి? గడ్డ లోపల్నే ఉంటే వారానికి మళ్ల లేస్తది. లేస్తే మొదటి లెక్కన ఉండదు, చేనంత అల్లుకుంటది."

"నీ కాల్ల గడ్డ లోపల్నే ఉన్నది. అమ్మ పైపైన పీకి ఇడిసిపెట్టింది."

తండ్రి కాలి కట్టు వైపు చూసుకున్నాడు. కట్టు అంచున కొంచెం పసుపు చెమ్మ కనిపించింది. తల్లి కూడా చూసింది. "పొద్దుగాల లేదు ఇది" అంది చిన్నగా.

"తుంగ సంగతి నాకే చెప్తున్నది సూడు" అన్నాడు తండ్రి. కోపం లేదు ఆ గొంతులో. "లోపలికి పోయి ఆ గోలీలు తే."

తల్లి బియ్యం కుండ వెనక నుంచి పొట్లం తెచ్చింది. ఉన్నవి సరిపోవు. మధ్యలో రోజులు కూడా తప్పాయి. ఉన్నవన్నీ ఇప్పుడే వేసేద్దామా అని ఆమె అడిగింది. నాకూ సరిగ్గా తెలియదు. వేయమని చెప్పబోతుంటే అమ్మాయే అడ్డుపడింది.

"మనకు మనమే ఏసుకోవద్దు. డాక్టరమ్మని అడగాలె."

ఆ సాయంత్రమే ఒక జీపు ఆపి ఆయన్ను ఎక్కించాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పగానే ముఖం ముడుచుకుంది. ఎందుకు ఆపారని తల్లిని గట్టిగానే అడిగింది. తల్లి నేల చూపులు చూసింది. తర్వాత ఎవరు వెనక్కి తెచ్చారని అడిగితే నేను అమ్మాయిని ముందుకు తోశాను. డాక్టరమ్మ గొంతు తగ్గించింది. పుండు కడిగి, ఈసారి ఎన్ని రోజులు వేయాలో తల్లికి కాదు, అమ్మాయికి చెప్పింది. పక్కింటామెకు ఇచ్చినవి మిగిలి ఉంటే వెనక్కి తెప్పించమంది. చిన్నవాడి జలుబుకు ఉప్పు నీళ్లూ, కాచిన నీళ్లూ చాలంది.

అమ్మాయి గుడిసె తడిక మీద బొగ్గుతో గీతలు గీసి, పూటపూటకీ ఒకటి కొట్టేస్తూ వచ్చిందని తర్వాత తెలిసింది. చివరి గీత కొట్టేసిన రోజున బడికి వచ్చి, హాజరు పిలవకముందే, "అయిపోయినయ్ బెహన్‌జీ, ఒక్కటి సుత మిగల్లే" అంది. అంత సంతోషంగా ఒక పిల్ల ఏదైనా అయిపోయిందని చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మూడు వారాలకు తండ్రి మళ్లీ పనిలోకి వెళ్లాడు. మచ్చ మాత్రం మిగిలింది.

ఏడాది చివరి పరీక్షల ముందు బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. డాక్టరమ్మ హెడ్మాస్టరు గారితో, ఈసారి తను మాట్లాడననీ, ఆ అమ్మాయి మాట్లాడుతుందనీ చెప్పింది. నేను రెండు పేజీలు హిందీలో రాసిచ్చాను. వారం రోజులు చదివించాను. కష్టమైన మాటల కింద గీతలు గీశాను. సమావేశం నాడు క్వార్టర్ల వాళ్లు కుర్చీల్లో, క్యాంపుల వాళ్లు కింద పట్టాల మీద కూర్చున్నారు. ఆమె నిలబడి మొదటి నాలుగు వాక్యాలు నేను రాసినట్టే చెప్పింది. తర్వాత ఆగింది. కాగితం మడిచి పట్టుకుంది. 

అప్పుడు ఆమె తన మాటల్లో మొదలుపెట్టింది. కాస్త హిందీ, గోండీవాళ్లకు తమ పల్లె వైపు నేర్చిన గోండీ, తెలుగువాళ్లకు తెలుగు, ఒకదాని వెంట ఒకటి. సీసాల సంగతి చెప్పింది. నా చేతి సంగతి చెబుతూ నా వైపు చూసి ఆగింది. చెప్పమన్నట్టు తల ఊపాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాళ్ల నాయన కాలి సంగతి మాత్రం నవ్వకుండా చెప్పింది.

అంతా అయ్యాక పట్టా మీద నుంచి ఆమె తండ్రే లేచాడు. "డాక్టరమ్మా, మా బిడ్డ చెప్పింది బానే ఉన్నది. మరి సంతల ఆయన ఒక్కొక్కటి ఇడిగా అమ్ముతున్నడు గదా. ఆయనకెవరు చెప్తరు?" అన్నాడు. నేను దాన్ని అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పాను.  "మీరు అడిగింది న్యాయమే" అంది డాక్టరమ్మ. ఆ తర్వాత ఆవిడా, హెడ్మాస్టరు గారూ ఎవరెవరికో కాగితాలు రాశారు. మందులమ్మేవాడు కొన్ని వారాలు సంతకు రాలేదు, మళ్లీ వచ్చాడు. అన్నీ మారిపోయాయని చెప్పను. కానీ క్యాంపు ఆడవాళ్లు మందు కొనేముందు బడి పిల్లల్ని అడిగేవారని ఆసుపత్రి నర్సులు నాతో అన్నారు.

సమావేశం నుంచి జనం వెళ్లిపోతుంటే ఆ తల్లి నా దగ్గరికి వచ్చి నిలబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఆ హిందీ ముక్కలు నాకు సమజ్ గాలే టీచరమ్మా. కానీ కుర్చీలల్ల కూసున్నోళ్లు సుత మా బిడ్డ మాట ఇన్నరు గదా?"

"విన్నారు" అన్నాను. "నేను కూడా విన్నాను."

ఆమె కాసేపు నా పక్కనే నిలబడింది. వరండా చివర ఆ అమ్మాయి చుట్టూ చేరిన పిల్లలను ఇద్దరం చూస్తూ ఉండిపోయాం.